కొసరు సినిమా

పాల పెద్దమ్మ దినాల భోజనాల్లో నేను నవ్వాను. ముసిముసి నవ్వు కాదు, పంక్తిలో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పి చూసేంత నవ్వు. వడ్డించే ఆయన నా విస్తట్లో గరిటెడు బూందీ వేసి ముందుకు పోయాడు. పోయినవాడు ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి వచ్చి, ఇంకో నాలుగు పలుకులు రాల్చి వెళ్ళాడు. అంతే, నా చెవిలో పెద్దమ్మ గొంతు ఖంగుమంది. "అగో, ఇంకోటి ఏసిండు గదనే!"

ఇంకేం ఆగుతుంది? నోట్లో అన్నం పొలమారింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, పక్కనున్నావిడ నా నడినెత్తిన తట్టడం మొదలుపెట్టింది. ఎదురుగా దండ వేసిన ఫొటోలో పెద్దమ్మ, కెమెరా వాడితో కూడా తగాదా పడుతున్నట్టే చూస్తోంది. ఆమె కోడలు లావణ్య నీళ్ళ జగ్గుతో నిలబడి నావైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకు పాలైతే విరిగిపోయేవి. ఎందుకు నవ్వానో ఇప్పుడు తీరుబడిగా చెప్తాను.

మాది సంతోష్‌నగర్ వెనక సందు. సందు చివర పెద్దమ్మ వాళ్ళ ఇల్లు, ఇంటి వెనక బర్రెల కొట్టం. ఆ వాడ వాడ కాకముందు నుంచే వాళ్ళకు అక్కడ బర్రెలున్నాయట. ఆమెకు నేను చుట్టాన్ని కాను. మాది ఆదివారం చర్చికి పోయే ఇల్లు, వాళ్ళది సదర్ పండక్కి దున్నపోతు కొమ్ములకు పూలు చుట్టి ఊరేగించే ఇల్లు. వాడంతా పెద్దమ్మా అని పిలుస్తుంటే నేనూ పిలిచాను.

మమ్మల్ని మాత్రం ఆమె పేర్లతో పిలిచేది కాదు. ఎవరు ఎన్ని పాలు పోయించుకుంటారో అదే వాళ్ళ పేరు. మూలింటి మాస్టారు 'లీటరున్నర సారు'. మేడ మీద ఒంటరిగా ఉండే ఆమె 'పావుశేరమ్మ', శేర్లు పోయి లీటర్లు వచ్చి ఎంత కాలమైనా సరే. నేను పెళ్ళయి వచ్చిన కొత్తలో మా ఇద్దరికీ ముప్పావు లీటరు సరిపోయేది కాబట్టి నేను 'ముప్పావు పిల్ల'. తర్వాత మాకు కూతురు పుట్టింది, పాలు లీటరు దాటాయి. పేరు మారుస్తుందేమోనని అడిగితే, "పేరు వెట్టినంక మారుస్తరానే ఏడన్నా?" అంది. నేను ఫలక్‌నుమా స్టేషన్‌లో టికెట్ల కౌంటర్‌లో కూర్చుంటాను. ఒకసారి ఆమె రైలెక్కుతూ కౌంటర్ దగ్గరకు వచ్చి, "ఏం ముప్పావ్, మంచిగున్నవా?" అని కేకేసింది. ఆ రోజు నుంచి మా ఆఫీసులో కూడా నేను ముప్పావు మేడమ్‌నే.

ఇక కొసరు సంగతి. బేగంబజార్‌లో కొన్న ఇత్తడి కొలతతో ఆమె పాలు కొలిచేది. అంచుదాకా నింపి, గిన్నెలో వంచి, మళ్ళీ ముంచి చెయ్యి అలా విదిలించేది. కొలత చల్లని చేత్తో పోసినట్టు ఉండేది, కొసరు మాత్రం కోపంగా విసిరినట్టు ఉండేది. ఆ విదిలింపు పూర్తయ్యేదాకా బేరం పూర్తయినట్టు కాదు.

నాకేం తెలుసు? మా పుట్టింట్లో ప్యాకెట్ పాలు. మొదటి రోజు కొలత పోయగానే "చాలు పెద్దమ్మా" అని మర్యాదగా గిన్నె వెనక్కి తీసుకున్నాను. అప్పటికే విదిలించిన కొసరు గడప మీద పడింది. పెద్దమ్మ గడపను చూసింది, నన్ను చూసింది.

"నా చేతికి అడ్డం వడ్తవా? కొసరు ఏస్తుంటే గిన్నె గుంజుతరా? నీ అయ్య సొమ్మా అది, నా అయ్య సొమ్మా?"

తర్వాత చాలా రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. పొద్దున్నే వచ్చి ముఖం అటు తిప్పుకుని పాలు పోసేది. చిత్రమేమిటంటే ఆ అలిగిన రోజుల్లో నాకు రెండు కొసర్లు పడేవి.

ఆమె కోడలు లావణ్య నల్గొండ వైపు పిల్ల. చురుకు, లెక్క గట్టిది. "లీటరంటే లీటరే అత్తమ్మా, కొసర్లన్నీ కలిపితే ఇంకో బర్రె ఒస్తుండె" అని వాదించేది. అత్త "కొసరు ఎయ్యని చేతికి బర్రె సుత చేపది" అని శపించేది. పొదుగులోకి పాలు దించడాన్ని చేపడం అంటారు. బర్రెకు ఇష్టం లేకపోతే పాలు పైకి ఎగబట్టుకుంటుంది, అప్పుడు ఎవరెంత పిండినా చుక్క రాదు.

ఆ మాట శాంత విషయంలో నిజమై కూర్చుంది. శాంత అంటే కొట్టంలో అన్నిటికన్నా నల్లటి, అన్నిటికన్నా పాలిచ్చే, అన్నిటికన్నా పొగరుబోతు బర్రె. శాంతం దాని పేరులోనే ఉంది. ఉర్దూ మాట్లాడే వ్యాపారి దగ్గర కొన్నారు కాబట్టి దానికి తెలుగు రాదని పెద్దమ్మ నమ్మకం. మిగతా బర్రెల్ని తెలుగులో తిట్టి, దీని దగ్గరికి రాగానే గొంతు మార్చేది. "ఆజా మేరీ మా, ఇత్తే నఖ్రే నక్కో కర్!" రా నా తల్లీ, ఇన్ని వయ్యారాలు పోకు అని బతిమాలడమన్నమాట. శాంత తోకతో ఆమె మొహాన ఒకటి కొట్టి పాలు దించేది. లావణ్య కూర్చుంటే మాత్రం తన్నేది, ఎగబట్టేది. పెద్దమ్మ పక్కనే నిలబడి ఎన్నిసార్లు నేర్పించిందో! "గట్ల గాదు, బొటనవేలు లోపటికి వెట్టు. అగో, నన్ను జూడు." కోడలు చూసేది, శాంత కూడా చూసేది. పాలు మాత్రం వచ్చేవి కావు.

నిరుడు ఎండాకాలం పెద్దమ్మ వేళ్ళు మడత పడటం మానేశాయి. డాక్టరు ఇక పిండొద్దన్నాడు. మిగతా బర్రెల్ని లావణ్య పిండుతోంది, శాంతే చిక్కు. ఫలక్‌నుమాలో వెల్డింగ్ షెడ్డు నడిపే కొడుకు, పిండేవాళ్ళు లేని బర్రెను మేపలేనని ఒక వ్యాపారితో మాట్లాడాడు. మంగళవారం వచ్చి తోలుకుపోతానని అతనన్నాడు. పెద్దమ్మ కొడుకుతో కొట్లాడలేదు. కొట్లాడకపోవడం చూసి నాకు భయమేసింది. నొప్పి వేళ్ళతోనే రోజూ పిండి, మిగతా పొద్దంతా శాంత పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చునేది. కొసరు కూడా మరిచిపోతోంది, అంతకన్నా ఏం చెప్పను?

ఆ ఆదివారం మా చర్చి వెనక హాల్లో, పిల్లల సెలవుల బడి చివరి రోజని బొమ్మల సినిమా వేస్తున్నారు. మా తాతల కాలంలో చేత్తో గీసిన పాత సినిమా. నేను చిన్నప్పటి నుంచి పేరు వింటున్నాను గానీ చూడలేదు. ఒక కథ కాదు, వేర్వేరు చిన్న కథల్ని దండ గుచ్చినట్టు చేసిన సినిమా అట. మాటలుండవు, సంగీతమే. పెద్దమ్మను కొట్టంలోంచి ఎలాగైనా కదిలించాలని పట్టుబట్టాను.

"నాలుగుకు శాంత అరుస్తది. ఆ లోపట తీస్కొస్తవా?"

"రెండింటికి మొదలు పెద్దమ్మా, బొమ్మల సినిమా ఎంతసేపుంటది? మూడుకల్లా ఇంట్లుంటవ్."

రైళ్ళ టైములతో బతికే మనిషిని, ఆ ఒక్క టైమే తప్పు చెప్పాను. సినిమా మొదలవడమే మూడు దాటింది, ప్రొజెక్టర్ వైరు దొరక్క.

హాల్లో పెద్దవాళ్ళకు కుర్చీలు వేశారు. ఆమె కుర్చీ వద్దని పిల్లల మధ్య జంపఖానా మీద కూర్చుంది. ఎవరి పెళ్ళిలోనో ఒకసారి పోయాయని చెప్పులు ఒళ్ళో పెట్టుకుంది. ఫోన్లు ఆపెయ్యమని పాస్టరుగారు చెప్తే నేను ఆపాను. కిటికీలకు దుప్పట్లు కట్టారు, తెర మీద రంగులు పడ్డాయి.

మొదటి బొమ్మలో ఒక తాబేలు వీపు మీద పెద్ద పియానో కట్టుకుని కొండ ఎక్కుతుంది. సగం కొండ ఎక్కగానే పియానో జారి కిందికి పోతుంది, తాబేలు మళ్ళీ దిగుతుంది. రెండోసారి జారేసరికి పెద్దమ్మ "తాడు కట్టుండ్రి రా దానికి ఎవలన్నా!" అని లేచింది. చివరికి తాబేలు ఎక్కింది, పియానో వాయించింది, తెర నల్లబడింది. పెద్దమ్మ కళ్ళు తుడుచుకుని, చెప్పులేసుకుని, ప్రొజెక్టర్ దగ్గరున్నాయనతో "మస్తుగుంది బిడ్డా, పోయొస్త" అని చెప్పి తలుపుదాకా పోయింది. వెనక సన్నాయిలా ఏదో మోగింది. తెర మళ్ళీ వెలిగింది. ఒక కోడి గొడుగు పట్టుకుని ఏటి ఒడ్డున నిలబడి ఉంది.

"ఇదేందే మల్ల?"

"ఇంకో కథ పెద్దమ్మా."

"అది ఒడిసింది గద?"

"ఒడిసింది. ఇది వేరేది."

"మనం అడగలే గద?"

"అడగలే."

పెద్దమ్మ తెరను చూసింది, ప్రొజెక్టర్ ఆయన్ను చూసింది. ఆమె మొహంలో నెమ్మదిగా వెలుగు వచ్చింది. "అంటే కొసరా?"

నేను సరదాకి అన్నాను. "ఔ పెద్దమ్మా, కొసరే."

అంతే! చెప్పులు విప్పి గబగబా వచ్చి కూర్చుంది. కోడి గొడుగెక్కి ఏరు దాటుతుంటే చప్పట్లు కొట్టింది. అది అయిపోయి, చంద్రుడు పొగగొట్టంలో ఇరుక్కున్న కథ వచ్చింది. "అగో, ఇంకోటి ఏసిండు గదనే!" అని నా తొడ మీద చరిచిన చరుపుకు ఇప్పటికీ అక్కడ మంటగా ఉన్నట్టుంటుంది. చుట్టూ ఉన్న పిల్లలకు ఆ మాట పట్టుబడిపోయింది. తెర నల్లబడితే చాలు, హాలు హాలంతా "కొసరు! కొసరు!" అని ఒకటే లొల్లి. కొత్త బొమ్మ రాగానే పెద్దమ్మ రెండు చేతులూ ఎత్తి "ఏసిండు!" అనేది. పిల్లలు దొర్లి దొర్లి నవ్వేవాళ్ళు. పాస్టరుగారు మొదట పెదవి మీద వేలు పెట్టుకుని తిరిగారు. గడియారాల ముళ్ళు ఒకదాన్నొకటి తన్నుకునే కథ దగ్గరకు వచ్చేసరికి ఆయన కూడా "కొసరు" అనడం నేను విన్నాను. నాకైతే నవ్వి నవ్వి పక్కటెముకలు నొప్పెట్టాయి. అంత సంతోషం మా ఇంట్లో పెళ్ళికి కూడా పడలేదు.

అప్పుడు చేతి గడియారం చూశాను. నాలుగు దాటిపోయింది.

"పెద్దమ్మా, శాంత!"

ఆమె మొహం మాడిపోయింది. లేచి నిలబడింది. తలుపు వైపు చూసింది. అప్పుడే తెర మీద మంచు పడటం మొదలైంది, ఇంకో కథ. మళ్ళీ కూలబడింది.

"లే పెద్దమ్మా, పోదాం."

"ఎట్ల పోత? ఆయన పోస్తనే ఉన్నడు గద. గిన్నె ఎట్ల గుంజుత?"

"గిది సినిమా పెద్దమ్మా! ఆయనేమనుకోడు."

"నువ్వు అప్పుడు గుంజితే నేనేమనుకోలేదా?"

నేనూ పక్కన చతికిలబడ్డాను. పెద్దమ్మ ఒక కంటితో సినిమా చూస్తూ, ఇంకో కంటితో తలుపు చూస్తూ, తెర మీది కుక్కపిల్ల మంచులో జారితే నవ్వుతూ, వెంటనే "అయ్యో నా తల్లి అరుస్తుండొచ్చు" అని ఏడుస్తూ, పండగా పాడే ఒక్కచోటే జరుగుతున్నట్టు కూర్చుంది. "జల్ది ఒడగొట్టు నాయనా" అని ప్రొజెక్టర్ ఆయనకు దండం పెట్టింది. ఆయన ఏం చేస్తాడు పాపం! ఆ తర్వాత ఇంకొకటి కూడా వేశాడు.

దీపాలు వెలిగాక కూడా ఆమె వెంటనే లేవలేదు. "ఇగ లేదా?" అని గట్టిగా అడిగి, లేదనిపించుకుని, తెర దగ్గరకు పోయి గుడ్డను కళ్ళకద్దుకుని, అప్పుడు పరుగు పెట్టింది. చెప్పులు చేతిలోనే ఉన్నాయి. నేను వెనక.

సందు మొదట్లో ఆగిపోయింది. "అరుస్తలేదేందే?"

నిజమే. వేళ తప్పితే వాడంతా దడదడలాడేలా అరిచే బర్రె, చప్పుడు లేదు. "గా బేరగాడు ఇయ్యాల్నే ఒచ్చిండా?" అంది. ఇద్దరం గోడ పట్టుకుని కొట్టం తలుపుదాకా వెళ్ళాం.

లోపల లావణ్య గొంతుక్కూర్చుని, శాంత డొక్కకు తల ఆనించి పాలు పిండుతోంది. బకెట్‌లో నురగ పైకి వస్తోంది. శాంత నెమరేస్తోంది.

నేను పరిగెత్తి లావణ్యను కౌగిలించుకునేదాన్నే. పెద్దమ్మ నా కొంగు పట్టి వెనక్కి లాగింది. తను కూడా తవుడు బస్తా వెనక్కి ఒదిగి కూర్చుంది. "నన్ను జూస్తే పాలు ఎగవట్టుకుంటది" అని నా చెవిలో అంది. తన బర్రెకు కనబడకుండా తన కొట్టంలోనే దాక్కుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, బకెట్ నిండేదాకా ఊపిరి బిగబట్టింది.

లావణ్య లేచి మమ్మల్ని చూసి అదిరిపడింది. "ఏడికి పోయిండ్రు అత్తమ్మా! అరిసి అరిసి దాని గొంతు పోయింది. ఇగ ఏం జెయ్యాలె, కూసున్న. మొదలు తన్నింది. తలుపు దిక్కు జూసింది, మీరు రాలే. మల్ల జూసింది, రాలే. ఇగ ఇచ్చింది."

పెద్దమ్మ శాంత దగ్గరకు పోయి దాని గంగడోలు కింద చెయ్యి వేసి నిలబడింది.

"నేను పక్కకున్నన్ని దినాలు ఇది నన్నే జూస్తుండె. నేను నేర్పుతున్న అనుకున్న. అడ్డం నిలవడ్డనే ముప్పావ్." అని, ఏడుస్తుందేమో అనుకునేలోపల పకపకా నవ్వింది. "పోనీ తియ్. నా కొలత ఒడిసింది. ఇగ ఈడికెల్లి నాకంత కొసరే."

కొడుకు ఆ రాత్రే వ్యాపారికి ఫోన్ చేసి బేరం వద్దన్నాడు. సోమవారం నుంచి పిండే వేళకు పెద్దమ్మ కొట్టం వైపు తొంగి కూడా చూడలేదు. శాంతకు కనబడకూడదని మా మెట్ల మీద వచ్చి కూర్చునేది. కూర్చుని ఊరుకుంటుందా? "ఫోన్ల బొమ్మలు వెట్టు." అయిపోతే, "కొసరు వెట్టు." నా డేటా అంతా ఆమె కొసర్లకే పోయేది. ఇంట్లో లావణ్య రెండో గరిటె వడ్డించినా "అగో, ఇంకోటి ఏసింది గదనే!" అని అరిచేదట. నా కూతురు హోంవర్క్ ముగించిందంటే "కొసరు రాయవా?" అని అడిగేది. పాలు పోసేది ఇప్పుడు లావణ్య. లీటరంటే లీటరే. పెద్దమ్మ వెనక నుంచి వచ్చి, కోడలి చేతిలోని కొలత లాక్కుని, వంకర వేళ్ళతోనే ముంచి విదిలించేది. అత్తాకోడళ్ళ తిట్లు రోజూ మా గడపలో తెల్లవారేవి.

ఈమధ్యే ఒక మధ్యాహ్నం ఆమె నిద్రలోనే పోయింది. నాకు చాలా దుఃఖంగా ఉంది. చెప్పకపోతే మీరు నా నవ్వునే నమ్ముతారు.

దినాల భోజనాలయ్యాక సాయంత్రం గిన్నె పట్టుకుని నేనే కొట్టానికి వెళ్ళాను. లావణ్యకు నవ్విన సంగతి చెప్పుకుందామనే వెళ్ళాను గానీ, ఆమె ముఖం చూసి గిన్నె మాత్రం చాపాను. శాంతను పిండి అప్పుడే లేచింది. ఇత్తడి కొలత ముంచి నా గిన్నెలో పోసింది. పెద్దమ్మ లేదు, ఇక లాక్కుని విదిలించేవాళ్ళు లేరు కదా అని గిన్నె వెనక్కి తీసుకున్నాను.

పాలు నా కాళ్ళ దగ్గర నేల మీద పడ్డాయి.

లావణ్య నేలను చూసింది, నన్ను చూసింది. చేతిలో కొలత ఇంకా వంగే ఉంది.

"గిన్నె ఎందుకు గుంజుతవక్కా?"

ముఖం అటు తిప్పుకుని మళ్ళీ ముంచింది. నేను రెండు చేతులా గిన్నె చాపాను. విసురుగా విదిలించింది, ఆ వెంటనే ఇంకోసారి ముంచి విదిలించింది.

"అగో," అంది, కొలతను బకెట్ అంచుకు తట్టి, "ఇంకోటి ఏసిన గదనే."

ముందు ఎవరు మొదలుపెట్టారో తెలియదు. గోడకు ఆనుకుని ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. ఆ చప్పుడుకు శాంత నెమరు ఆపి, తల తిప్పి తలుపు వైపు చూసింది.